తోడల్లుడి స్లీపింగ్ బ్యాగు

మా తోడల్లుడికి, అంటే మా ఆవిడ చెల్లెలి భర్తకి, చలంటే అస్సలు పడదు. ఏలూరు నుంచి న్యూజిలాండ్‌కి, ఈ ఆక్లాండ్‌కి వచ్చి అప్పటికి ఏడాది దాటింది. ఇక్కడ డిసెంబరంటే నడి ఎండాకాలం. అయినా అతను స్వెట్టర్ వేసుకునే చర్చికి వచ్చేవాడు. "ఏం తమ్ముడూ, మంచు గానీ పడుతోందా?" అని నేను అందరి ముందూ ఏడిపించేవాణ్ని. అతను నవ్వేసి జిప్పు ఇంకొంచెం పైకి లాక్కునేవాడు. అతనికి చలి పడదన్న సంగతి మా రెండిళ్లలో అందరికంటే నాకే బాగా తెలుసు. నేను చేసింది తెలియక చేసిన పని కాదని ముందే చెప్పేస్తే మంచిది.

నేను కొండల్లో జింకల వేటకి వెళ్తానంటే మా ఊళ్లో వాళ్లు ఇప్పటికీ నమ్మరు. బల్లిని చూసి కుర్చీ ఎక్కిన మనిషిగానే నేను వాళ్లకి గుర్తు. పదేళ్ల కిందట మేము ఆక్లాండ్‌లోనే మౌంట్ రాస్కిల్ పేటలో ఇల్లు తీసుకున్నప్పుడు పక్కింట్లో ఒక కివీ, అంటే ఇక్కడి దేశస్థుడు, ముసలాయన ఉండేవాడు. భార్య పోయాక ఆయనకి వేటకి తోడు కావలసి వచ్చింది. నాకేమో ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని పొట్ట వచ్చింది. ఆయనే నాకు నడక నేర్పాడు, తుపాకీ లైసెన్స్ పరీక్ష రాయించాడు, జింక చర్మం ఒలవడం చూపించాడు. ఇక్కడి జింకలు ఈ నేల మీద పుట్టినవి కావు, ఎప్పుడో ఓడల్లో తెచ్చి వదిలినవి. అడవిలో లేత మొక్కనేదాన్ని బతకనివ్వవు. అందుకని వేటగాణ్ని పాపి అనరు సరికదా, పర్మిట్ ఇచ్చి మరీ పంపుతారు. ముసలాయన తర్వాత కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. నేను మాత్రం మానలేదు. నేను తెచ్చిన మాంసం మా చర్చి తెలుగు ఫెలోషిప్‌లో పది ఇళ్ల ఫ్రిజ్‌లలోకి వెళ్తుంది. పిల్లలు నన్ను హంటింగ్ అంకుల్ అంటారు. ఆ పేరు వింటే నా ఛాతీ ఓ అంగుళం పెరుగుతుంది.

కొండల్లో రెండు మూడు రాత్రులు గడపాలంటే తుపాకీ కంటే ముందు చూసుకోవలసింది స్లీపింగ్ బ్యాగు. నా మొదటి బ్యాగు ముసలాయన చెప్పగా కొన్నదే, డౌన్ బ్యాగు. బాతు పొట్ట మీద ఈకల అడుగున మెత్తటి నూగు ఉంటుంది. దాన్నే డౌన్ అంటారు. ఓ గుప్పెడు తీసి అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు, కాసేపటికి అరచెయ్యి మాత్రం వెచ్చబడుతుంది. అంత మంచి వస్తువుని నేను నా చేతులారా, కాదు, కాళ్లారా చంపుకున్నాను.

ఒకసారి వేట నుంచి వచ్చాక దానికి నెత్తురు వాసన, పొగ వాసన పట్టాయి. బాత్‌టబ్‌లో వేడినీళ్లు పట్టి, బట్టల పౌడరు రెండు గుప్పెళ్లు పోసి, ప్యాంటు మడుచుకుని లోపలికి దిగి తొక్కాను. చిన్నప్పుడు మా అమ్మ బొంతల్ని అలాగే తొక్కి ఉతికేది. తర్వాత తీగ మీద ఎండలో వేసి, పరుపు దులిపినట్టు కర్రతో శుభ్రంగా బాదాను. ఆరాక చిన్న సంచిలో కుక్కి, బెల్టులు బిగించి, పాత సూట్‌కేసులో పెట్టి, దాని మీద రెండు బియ్యం బస్తాలు ఎత్తాను. మన ఇళ్లలో అంతే కదా, ఎంత బిగించి ఎంత చిన్న మూట కడితే అంత పొందికైన మనుషులమని లెక్క. మళ్లీ వేట కాలానికి తీసి చూస్తే లోపలి నూగంతా గచ్చకాయల్లా ఉండలు కట్టింది. దీపానికి ఎదురుగా పట్టుకుంటే గుడ్డ రెండు పొరలూ తప్ప మధ్యలో ఏమీ లేని చోట్లు కనిపించాయి. కొండ మీద ఒక రాత్రి దాన్లో పడుకుని తెల్లారేదాకా పళ్లు టకటకలాడించాను. పైన పటారం, లోన లొటారం. ఆ ముక్క నా ఒంటికి తెలుసు.

కొత్తది కొనాలని నిశ్చయించుకున్నాక మూడు నెలలు వెతికాను. పెళ్లి సంబంధం కూడా అంత జాగ్రత్తగా చూసుకోలేదని మా ఆవిడ అంటుంది. ఎంత బరువు, నూగు బాతుదా హంసబాతుదా, ఎంత పొంగుతుంది, జిప్పు ఎడమా కుడా, తల దగ్గర టోపీ బిగుతుందా, మెడ చుట్టూ గాలి దూరకుండా గొట్టం లాంటి పట్టీ ఉందా, ఇదే ధ్యాస. చివరికి ఊళ్లో ఒక దుకాణంలో పనిచేసే పెద్దావిడ నాకు జ్ఞానబోధ చేసింది. ఒక బ్యాగుని సంచిలోంచి తీసి నేల మీద పడేసి, "కాసేపు ఆగు, ఊపిరి పీల్చుకోనీ," అంది. అది పొంగే పిండిలా మెల్లగా లేచింది. వెచ్చదనం ఇచ్చేది ఈకలు కాదట, ఈకల మధ్య నిలిచే గాలట. చీటీ మీద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి సుఖంగా నిద్రపట్టే చలి, రెండోది హద్దు. "చాలామంది రెండో అంకె చూసి కొంటారు. దాని దగ్గర నువ్వు చావవు, అంతే. నిద్ర సంగతి దేవుడెరుగు," అంది. నా పాత బ్యాగు కథ చెప్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, "దాన్ని ఇంకెవరికీ ఇవ్వకు, కుక్కకైనా సరే," అంది.

ఆ మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. గుర్తుండి ఏం లాభం?

దుకాణం నేల మీదే బూట్లు విప్పి, ఆకుపచ్చ బ్యాగులో దూరి పడుకుని చూశాను. నేను మోకాళ్లు ముడుచుకుని పక్కకి తిరిగి పడుకునే రకం. దానికి తగ్గ వెడల్పుంది. రెండు నిమిషాల్లో కళ్లు మూతలు పడ్డాయి. ఇంక ఆలోచించలేదు.

ఇంటికి తెచ్చాక మా ఆవిడ గుమ్మంలోనే పట్టుకుంది. ఆమె వృద్ధాశ్రమంలో నర్సు. రోజంతా పెద్దవాళ్ల సాకులు వినివిని సాకుని వాసన చూసి పసిగట్టే మనిషి. "ఏవండీ, ఇదేంటి మళ్లీ? ఒకటుందిగా!" అంది. పాతది పాడు చేశానని చెప్పాలంటే బాత్‌టబ్ దగ్గర్నుంచీ మొదలుపెట్టాలి. తొక్కి ఉతికిన ఆ రోజు ఆమె వద్దు వద్దంటూనే ఉంది, "నీకేం తెలుసు" అని నేనే కసిరాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాకు క్షణంలో అతికే అబద్ధం దొరికింది.

"నాకెందుకే? తమ్ముడి కోసం. ఈస్టర్ అయ్యాక కొండల్లోకి తీసుకెళ్తానన్నాగా. మొదటిసారి వస్తున్నవాడికి పాతది ఇస్తే బావుంటుందా? అసలే చలి మనిషి."

మా ఆవిడ మొహం వెలిగిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో నా వైపు అలా చూసిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. "పోనీలెండి, మీకూ బుద్ధి పుట్టింది," అని వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది. మర్నాడు మరదలు నాకే చేసింది.

"బావగారూ, ఆయనకి బ్యాగు ఏది కొనాలో మిమ్మల్ని అడుగుదామనుకుంటున్నా. మీరే కొనేశారంట కదా! ఎంత మంచోరండీ మీరు."

"దానికేముందమ్మా," అన్నాను.

"ఆయనకి నేను చెప్పలేదండీ. మీరే సర్‌ప్రైజ్‌గా ఇవ్వండి. ఎంత సంతోషిస్తారో!"

అప్పుడైనా నాకు గొంతులో పచ్చి వెలక్కాయ పడాలి. పడలేదు. అతనికి చెప్పలేదన్న ముక్క ఒక్కటే చెవికెక్కింది. పైగా ఊపిరి తేలికయింది.

ఏప్రిల్ చివర్లో బయల్దేరాం. టౌపో సరస్సు దాటి, కైమనవా కొండల అంచున కారు ఆపి, నాలుగు గంటలు నడిచాం. తోడల్లుడు దారి పొడుగునా సంబరపడుతూనే ఉన్నాడు. అతనికి ఇక్కడ కొత్తగా ఉద్యోగం వచ్చింది. రక్త పరీక్షల సెంటర్‌లో రక్తం తీసే పని. మొదటి మూడు నెలలూ ట్రయల్, పని నచ్చితేనే ఖాయం చేస్తారు. ఏలూరు ఆస్పత్రిలో పన్నెండేళ్లు అదే పని చేశాడు. "నరం కంటికి కనపడక్కర్లేదు అన్నయ్యా. వేలు పెడితే అదే పలుకుద్ది," అని తన కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ ఎత్తి చూపించాడు. పసిపిల్లల దగ్గరికి తననే పంపేవారట. ట్రయల్ అయిపోతే పిల్లల ఆస్పత్రికి అప్లై చేస్తానన్నాడు. వాగు దాటేటప్పుడు కాలు జారి చేతులు నేలకి ఆనించాడు, గ్లోవ్స్ రెండూ నానిపోయాయి. నేను నవ్వాను. అతనూ నవ్వాడు.

చీకటి పడేలోపు అడవి అంచున టెంట్ వేశాం. ఇద్దరు పట్టే టెంట్. నేను నా బ్యాక్‌ప్యాక్ విప్పాను. రెండు స్లీపింగ్ బ్యాగులూ నేనే మోసుకొచ్చాను, సామాను సర్దే పనంతా నాదే కాబట్టి. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు కొత్తది అతనికే ఇద్దామనుకున్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నిజం కాదు. అనుకోలేదు. రేపు తుపాకీ పట్టేది నేను, నాకు నిద్ర లేకపోతే ప్రమాదం, అతనెలాగూ మూడు స్వెట్టర్లు వేసుకుంటాడు, ఒకటి రెండు రాత్రులేగా. ఈ సమాధానాలన్నీ దారిలోనే తయారు చేసి పెట్టుకున్నాను.

నారింజ రంగు పాత సంచి అతని ఒళ్లో పెట్టి, "ఇది నీకు తమ్ముడూ. బాగా వాడిన బ్యాగు, ఒంటికి మెత్తగా ఉంటుంది," అన్నాను.

అతను దాన్ని చూశాడు. తర్వాత నా చేతిలో ఆకుపచ్చ సంచిని చూశాడు. "సరే అన్నయ్యా," అన్నాడు. అంతే.

ఆ రాత్రి ఆకాశం ఒక్క మబ్బు లేకుండా ఉంది. కొండల్లో అది మంచి కబురు కాదు, చలి కిందికి దిగుతుంది. నేను ఆకుపచ్చ బ్యాగులో పడుకున్న పది నిమిషాలకి నిద్రపోయాను. మధ్యలో మెలకువ వచ్చింది. పక్కన గుడ్డ గరగరలాడుతోంది. అతను ముడుచుకోవడం, చాచుకోవడం, చేతులు రుద్దుకోవడం అన్నీ వినిపిస్తున్నాయి. కాసేపు ఆగి పళ్లు కొట్టుకునే చప్పుడు. నాకు ఆ చప్పుడు తెలుసు, అదే బ్యాగులో నేనూ చేశాను. లేచి, "తమ్ముడూ, ఇటు రా, బ్యాగులు మార్చుకుందాం," అంటే ఐపోయేది. జిప్పు తీయాలి. ఆ వెచ్చదనంలోంచి బయటికి రావాలి. నేను కదలకుండా పడుకుని, నిద్రపోతున్నవాడిలా ఊపిరి కాస్త గట్టిగా తీశాను. అలా నటిస్తూ నటిస్తూ నిజంగానే నిద్రపోయాను. ఈ ఒక్క ముక్క రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

తెల్లారి టెంట్‌లోంచి బయటికి వచ్చేసరికి గడ్డి అంతా మంచు పట్టి తెల్లగా ఉంది. అతను గ్యాస్ స్టవ్ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చీకటుండగానే లేచి వాగు నుంచి నీళ్లు తెచ్చానన్నాడు. తడి గ్లోవ్స్ రాత్రికి కర్రల్లా గడ్డకట్టాయట, రాత్రంతా వెచ్చబడని ఉత్త చేతులతోనే వెళ్లాడు. కుడిచేతి రెండు వేళ్ల కొసలు కొవ్వొత్తి మైనంలా తెల్లగా ఉన్నాయి. ఆస్పత్రి మనిషి కదా, ఏం చెయ్యాలో అతనికే తెలుసు. గోరువెచ్చటి నీళ్లలో పెట్టుకుని, రంగు తిరిగేటప్పుడు నొప్పికి కళ్లు మూసుకున్నాడు.

"నిద్రపట్టిందా?" అన్నాను. అడగడానికి నోరెలా వచ్చిందో నాకు తెలియదు.

"బానే పట్టింది అన్నయ్యా," అన్నాడు.

ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే ఆ పొద్దున నేను ఉత్సాహంగా ఉన్నాను. ఒళ్లు తేలిగ్గా ఉంది, చెయ్యి వణకలేదు. తొమ్మిది కాకముందే ఎదుటి వాలు మీద ఆడ జింకని ఒక్క గుండుతో పడగొట్టాను. వెనక కాళ్లు రెండూ అతనే మోశాడు. రెండో రాత్రి ఉండాలనుకున్నాం గానీ మాంసం దొరికిందిగా అని ఆ సాయంత్రమే వెనక్కి వచ్చేశాం. ఆ మాట నేనే అన్నాను. అతని మీద దయతోనని అప్పట్లో అనుకున్నాను. ఇంకో రాత్రి ఆ చప్పుడు వినలేకనేమో.

వేళ్లకి రంగు వచ్చింది గానీ స్పర్శ రాలేదు. డాక్టరు చూసి నెలలు పట్టొచ్చన్నాడట. రక్తం తీసే మనిషికి ఆ రెండు వేళ్లే కళ్లు. మొదటి వారంలోనే ముగ్గురికి సూది తప్పి గుచ్చాడు. ఒకావిడ ఫిర్యాదు చేసింది. సూపర్‌వైజర్ అతన్ని సూది పని నుంచి తప్పించి, సీసాల మీద చీటీలు అంటించే పనిలో కూర్చోబెట్టింది. ట్రయల్ ఇంకో రెండు నెలలు పొడిగించారు. వాళ్ల వీసా ఆ ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది. ఇవన్నీ మా ఆవిడ నాకు అన్నం వడ్డిస్తూ చెప్పింది. చెప్పి, "ఆ కొత్త బ్యాగు వాళ్లకిచ్చెయ్యండి, అతని కోసం కొన్నదే కదా," అంది. ఆ శనివారమే వాళ్ల ఫ్లాట్‌కి తీసుకెళ్లాం. తోడల్లుడు చేతులు అడ్డం పెట్టాడు.

"వద్దు వదినా, ఇంత చిన్న ఫ్లాట్‌లో ఎక్కడ పెడతాం? అన్నయ్య దగ్గరే ఉండనీండి."

మరదలు మాత్రం, "పడుకున్నారుగా దాంట్లో, ఎలా ఉందో చెప్పండి మా అక్కకి," అంది. అతను మా ఆవిడ వైపు తిరిగి, "చాలా వెచ్చగా ఉంది వదినా," అన్నాడు. అప్పుడు నాకు తెలిసింది, ఇంటికొచ్చాక భార్య అడిగితే అతను కొత్త దాంట్లోనే పడుకున్నానని చెప్పాడు. ఆమె ఏదో బ్యాగు గురించి అడుగుతోంది, ఇతను ఊరికే అవునన్నాడని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మా తెలుగు ఫెలోషిప్ ఆదివారం మధ్యాహ్నం అద్దెకి తీసుకున్న ఒక హాల్లో జరుగుతుంది. పాటలయ్యాక సాక్ష్యాల సమయం. దేవుడు ఆ వారం ఎవరికి ఏ మేలు చేశాడో లేచి చెప్పుకుంటారు. ఆ ఆదివారం మరదలు లేచింది. చేతిలో చిన్న రుమాలు.

"ప్రభువు నామంలో మీ అందరికీ నా వందనాలు. మా ఆయన కొండల్లోకి వెళ్లారు. ఆయనకి చలి పడదని మీ అందరికీ తెలుసు. కానీ దేవుడు ముందుగానే మా బావగారి మనసులో ప్రేరేపణ పెట్టాడు. ఆయన మూడు నెలలు తిరిగి, మా ఆయన కోసం కొత్త బ్యాగు కొన్నారు. ఆ చలికి ఆ బ్యాగే లేకపోతే రెండు వేళ్లతో పోయేది కాదండీ. ప్రాణమే పోయేది. దేవునికే మహిమ. మా బావగారికి కూడా నా వందనాలు. మా ఆయన వేళ్ల కోసం, ఉద్యోగం కోసం మీరందరూ ప్రార్థన చెయ్యాలి."

"ఆమెన్," అన్నారు అందరూ. నేను కూడా అన్నాను. తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు. నేను ఆమెన్ కూడా అనగలిగాను. వెనక వరసలోంచి ఎవరో నా భుజం తట్టారు. పక్కన మా ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది. తోడల్లుడు మొదటి వరసలో తల వంచుకుని కూర్చున్నాడు, అతని మెడ వెనక భాగం మాత్రమే కనిపిస్తోంది.

అంతటితో వదిలితే బావుండేది. పాస్టర్ గారు నా వైపు చూసి, "బ్రదర్, మీరే లేచి ప్రార్థన చెయ్యండి," అన్నారు. లేచాను. తండ్రీ, నీ బిడ్డ వేళ్లని ముట్టుము, అన్నాను. వాటిలో జీవం పొయ్యుము, అన్నాను. నా గొంతు వణికింది. భక్తితో వణికిందని అందరూ అనుకున్నారు. నేను కళ్లు తెరిచి చూస్తే అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. ఆ హాల్లో నన్ను ఎవరూ చూడటం లేదన్న ధైర్యంతో ఇంకో నాలుగు మాటలు కలిపాను కూడా. అంత మంచి ప్రార్థన నేను మళ్లీ చెయ్యలేదు. నిజానికి ఆ తర్వాత పైకి వినపడేలా ప్రార్థనే చెయ్యలేదు.

బయట టీ తాగుతున్నప్పుడు అతని దగ్గరికి వెళ్లాను. "తమ్ముడూ..." అన్నాను. చుట్టూ జనం. "మిక్చర్ తీసుకోండి అన్నయ్యా," అని ప్లేటు నా ముందు పెట్టాడు.

అలా జూన్ వచ్చింది. అతనికి మళ్లీ సూది ఇచ్చారని, సీనియర్ ఒకావిడ పక్క గదిలో ఉండి చూస్తోందని, ఆ నెలాఖరుకి తేల్చేస్తారని మా ఆవిడ చెప్పింది. నాకు ఏటా షుగర్ పరీక్ష ఉంటుంది. మా ఇంటి దగ్గర సెంటర్ ఉండగా, పరగడుపున ఇరవై నిమిషాలు డ్రైవ్ చేసుకుని అతని సెంటర్‌కే వెళ్లాను. ఇంటి దగ్గర, చర్చిలో, ఫోన్‌లో చెప్పలేకపోయినవాణ్ని, అతని చేతికింద కూర్చుంటే చెప్పగలనేమో అనుకున్నాను.

నన్ను చూసి నవ్వాడు. "రండి అన్నయ్యా, ఏం తినలేదుగా?" అని కుర్చీలో కూర్చోబెట్టి జబ్బకి పట్టీ బిగించాడు. మోచేతి మడత దగ్గర కుడిచేతి వేళ్లు పెట్టి కాసేపు ఆగాడు. తర్వాత చెయ్యి మార్చి ఎడమచేతి వేళ్లు పెట్టాడు. పన్నెండేళ్లలో ఎప్పుడూ ఎడమచేత్తో వెతికి ఉండడు. మొదటిసారి గుచ్చాడు. సీసాలోకి ఏమీ రాలేదు. "సారీ అన్నయ్యా," అన్నాడు. ఇంకో చోట గుచ్చాడు. రాలేదు. అతని నుదుటి మీద చెమట. అంత చలి మనిషికి చెమట పట్టడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఇంకోసారి చెయ్యి తమ్ముడూ, నాకేం నొప్పి లేదు."

"లేదన్నయ్యా. రెండుసార్లే రూలు. తర్వాత ఇంకొకళ్లకి అప్పజెప్పాలి." గోడకి వేలాడుతున్న కాగితం తీసి, సూది తప్పిన వాళ్ల గడిలో నా వివరాలు రాయడం మొదలుపెట్టాడు. తప్పు ఒప్పుకుందామని వచ్చినవాణ్ని అతని తప్పుల పట్టికలో ఇంకో వరస అయ్యాను. అప్పుడిక ఆగలేకపోయాను.

"తమ్ముడూ, ఆ బ్యాగు పాడైపోయిందని నాకు ముందే తెలుసు. కొత్తది నీ కోసమని ఇంట్లో అబద్ధం చెప్పి నేను వాడుకున్నాను. ఆ రాత్రి నువ్వు వణకడం కూడా నాకు వినపడింది. లేవలేదు. నీ వేళ్లు నా మూలంగానే ఇలా అయ్యాయి."

అతను రాయడం ఆపలేదు. ఆ రెండు వేళ్ల మధ్య పెన్ను సరిగ్గా నిలవక, బొటనవేలితో గట్టిగా అదిమి పట్టుకుని రాస్తున్నాడు.

"తెలుసు అన్నయ్యా," అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"మా ఆవిడ కడుపులో మాట దాగుద్దా? బయల్దేరే ముందు రోజే చెప్పేసింది. అన్నయ్య కొత్తది సర్‌ప్రైజ్‌గా ఇస్తారు, మీకేమీ తెలియనట్టు ఆశ్చర్యపోవాలి, లేకపోతే ఆయన చిన్నబుచ్చుకుంటారు అంది."

"మరి నన్ను అడగలేదేం? చర్చిలోనైనా, ఇంట్లోనైనా ఎవరికీ చెప్పలేదేం?"

"అడిగితే ఇచ్చేవారే." కాగితం మీద సంతకం చేసి, మళ్లీ గోడకి తగిలించాడు. "పాతది ఒళ్లో పెట్టినప్పుడు కూడా ఆట పట్టిస్తున్నారేమో అనుకున్నానన్నయ్యా. ఎప్పుడూ ఏడిపిస్తారుగా. ఇప్పుడిస్తారు, ఇప్పుడిస్తారు అని తెల్లారేదాకా చూశాను."

అతను తలుపు తీసి సీనియర్‌ని పిలిచాడు. ఆవిడ వచ్చి నా రెండో చెయ్యి చాపమంది. చాపాను.